బావ కెమెరాలో దుమ్ము

అక్కయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద కాబట్టి ముందుగా ఆ ముక్క రాసేస్తున్నాను. అందులో నిజమెంతో కింద రాస్తాను. నువ్వు తవ్విస్తున్న సొరంగం దగ్గర ఫోను పలకదు గనక సరుకుల లారీలో వచ్చే ఈ ఉత్తరమే మనకు గతి. ఒక్క మాట. దీన్ని పని మధ్యలో సగం చదివి జేబులో పెట్టుకోవద్దు. తీరిగ్గా కూర్చుని చివరిదాకా చదువు. నవ్వొచ్చిన చోట నవ్వుకో, పరవాలేదు. కానీ చివర్లో నీతో చాలా పెద్ద పని ఉంది.

నీ మరదలు బాగుంది. నిన్ను అడిగినట్టు రాయమంది. స్టూడియో వెనక గోడ చెమ్మ సంగతి అడిగావు. మేస్త్రీ వచ్చాడు, గోడను వేలితో తట్టి చూశాడు, టీ తాగాడు, వెళ్ళాడు. గోడ ఇంకా చెమ్మగానే ఉంది. ముందు తెల్ల తెర వేలాడుతుంది కాబట్టి ఫొటోలకు వచ్చేవాళ్ళెవరికీ కనపడదు. నా వృత్తే అది కదా, కనపడకుండా చేయడం.

ఇక బావ కెమెరా. “ఆయన కెమెరా ఎలా ఉంది, ఇద్దరూ ఇంకా దాని మీద కొట్టుకుంటున్నారా, ప్రతి ఫొటోలోనూ మీ బావ ఎటో చూస్తుంటాడేం, ఆ దుమ్ము చుక్క మొన్నటి ఫొటోలో కాస్త పెద్దదైనట్టుంది, బాగు చేయించుకోకూడదా” అని ఒక్క గుక్కలో అన్నీ అడిగేశావు. అన్నిటికీ జవాబు రాస్తాను. నువ్వు అడిగిన వరసలో కాదు, నాకు కోపం వచ్చిన వరసలో.

కెమెరా అన్నాక చేతికి బరువు తెలియాలి. దీన్ని చూస్తే స్నానానికి తీసుకెళ్ళే సబ్బుపెట్టె గుర్తొస్తుంది. నల్లగా, పలకగా, మొహాన ఒక చిన్న గాజుకన్ను. ఆ కన్ను ఊడదు. జూమూ లేదు, గీమూ లేదు. దూరంగా ఉన్నది దగ్గరగా కావాలంటే నువ్వే నడిచి వెళ్ళాలి. ఎదురుగా ఉన్నదంతా పట్టాలంటే నువ్వే వెనక్కి నడవాలి. కన్ను పెట్టి చూసే కిటికీ కూడా లేదు. వెనకున్న తెర ఎండలో కనపడదు, దానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముక్కు ఆనించి వెతుక్కోవాలి. అరపూట తిరిగేసరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. లెన్సులు మార్చి మార్చి పొట్టపోసుకుంటున్నవాణ్ణి నేను. ఒకే ఒక్క లెన్సును విప్పడానికి వీల్లేకుండా బిగించేసి, మామూలు కెమెరా కంటే ఎక్కువ ధర పెట్టి, పైగా దొరకడం కష్టం అని ప్రచారం చేస్తే జనం ఎగబడుతున్నారు. ముందు వరసలో మీ ఆయన. నెలల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్నాడు. నీతో పెళ్ళికి కూడా అంత ఎదురుచూడలేదు, నాకు తెలుసు.

ఇందులో ఏముంది బావా అని అడిగాను. ఫిజిక్సు మాస్టారిని అలాంటి ప్రశ్న అడగకూడదు.

“లేకపోవడమే దీని గొప్పరా. జూమ్ లేదు కాబట్టి కాళ్ళు కదులుతాయి. కాళ్ళు కదిలితే బుర్ర కదులుతుంది,” అన్నాడు, నేనేదో చివరి బెంచీలో కూర్చున్నట్టు.

అది తన సొంత మాట అనుకున్నాను. తర్వాత అతని కెమెరా స్నేహితులందరి నోటా అదే విన్నాను, అక్షరం పొల్లుపోకుండా. ఆదివారం పొద్దున్నే వీళ్ళంతా మెడలో తలా ఒక సబ్బుపెట్టె వేలాడేసుకుని వీధుల మీద పడతారు. ఒకాయన నీడలు తప్ప తీయడు. నీడ బాగుంటే దాని తాలూకు మనిషిని పక్కకు జరగమంటాడు. మనిషి జరిగితే నీడ కూడా జరుగుతుంది కదా, అప్పుడు విసుక్కుంటాడు. అందుకే అతనికి నీడలాయన అని పేరు పెట్టాను. ఇంకొకాయనకు తడి రోడ్డు ఇష్టం. వాన పడని రోజుల్లో సీసాతో నీళ్ళు తెచ్చి రోడ్డు మీద పోసుకుంటాడు. ఇన్నేళ్ళ చదువులు చదివిన మనుషులక్కా. వీళ్ళ మధ్య మీ ఆయన పెద్ద తలకాయ.

కాళ్ళు కదలడం కూడా కళ్ళారా చూశాను. ఒక ఉమ్మడి కుటుంబం ఫొటోకి వచ్చింది. తాతలు, కోడళ్ళు, చంటిపిల్లలు, గది నిండిపోయింది. నేను పెద్ద లెన్సు తీసి చిన్నది తగిలించబోతుంటే, “ఉండు, నేను చూపిస్తాను,” అని బావ తన సబ్బుపెట్టె పట్టుకుని వెనక్కి నడిచాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ తిన్నగా నా గొడుగు లైటు మీదికి నడిచాడు. గొడుగు వెల్లకిలా పడింది, దాని మీద బావ పడ్డాడు. పడుతూ పడుతూ చెయ్యి మాత్రం పైకెత్తి ఉంచాడు. కెమెరాకి చిన్న గీత కూడా పడలేదు. నా గొడుగు ఊచలు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. ఆ కుటుంబం మాత్రం బాగా నవ్వింది. నేను అదే అదనుగా పెద్ద కెమెరాతో తీశాను, మంచి ఫొటో వచ్చింది. దానికి కూడా తనే కారణం అంటాడు.

ఇంత తిట్టాక ఒక్కటి ఒప్పుకోవాలి. బావకు చెప్పనంటేనే చెప్తాను. ఆ కెమెరా చప్పుడు చేయదు. నా పెద్ద కెమెరా ఎత్తగానే మనుషులు ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మలైపోతారు. దీన్ని ఎత్తినా ఎవరూ లెక్కచేయరు. ఒకరోజు బావ స్టూడియోలో మర్చిపోతే జేబులో వేసుకుని బజారుకు వెళ్ళాను. చెప్పుల దుకాణంలో ఒకావిడ బిగువు చెప్పు విప్పేసి కాలివేళ్ళు చాచుకుంటోంది. ఆ క్షణంలో ఆవిడ మొహంలో హాయి చూడాలి. తీశాను. ఆవిడకు తెలియనే తెలియదు. నా స్టూడియోలో ఇన్నేళ్ళుగా అలాంటి మొహం ఒక్కటీ రాలేదు. ఇంటికొచ్చి చాలాసేపు చూసుకుని, బావ కంటపడితే నెత్తికెక్కి కూర్చుంటాడని చెరిపేశాను.

మీ ఆయన ప్రతి ఫొటోలో ఎటో చూస్తుండటానికి కారణం కూడా ఆ చప్పుడు లేకపోవడమే. స్టూడియో మొహం వద్దు, ఇంట్లో మొహం పంపు అన్నావు కదా. నిలబెట్టి తీస్తే బావ గడ్డం పైకెత్తి మొహం శిలావిగ్రహంలా పెడతాడు. అందుకని ఆయన కిటికీ పక్క పేము కుర్చీలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే వెనక నుంచి, ఎడమ పక్కన నిలబడి ఆ సబ్బుపెట్టెతోనే తీస్తున్నాను. మంచానికీ బీరువాకీ మధ్య నాకు నిలబడే చోటు అదొక్కటే. జూమూ లేదు. కాబట్టి ప్రతిసారీ అదే కుర్చీ, అదే కిటికీ, అదే చెవి, అదే మెడ. చొక్కా తప్ప ఏమీ మారదు.

మొదటి ఫొటోలోనే ఎడం చెవి వెనక, మెడ మొదట్లో ఒక గోధుమరంగు చుక్క కనిపించింది. అది చూసి నేనెంత సంబరపడ్డానో నీకు తెలుసు, ఆ ఉత్తరం నువ్వు చదివావు. లెన్సు ఊడని కెమెరాల్లో లోపలికి దుమ్ము దూరితే ఇక అంతే, తుడవడానికి చెయ్యి పోదు. తీసిన ప్రతి ఫొటోలో ఒకే చోట మచ్చ పడుతుంది. అంత పొగరుగా కొన్న కెమెరాకి అప్పుడే దుమ్ము పట్టిందని నాకు పండగైపోయింది. ఉన్నదున్నట్టు ప్రింటు వేసి, చుక్క చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, “మీ ఆయన గారి కెమెరా బాగోతం చూడు” అని రాసి నీకు పంపాను. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అదే పని. నువ్వూ నవ్వుతూ జవాబు రాశావు.

బావ ఒప్పుకోలేదు. “నా కెమెరాలో దుమ్మేమిటి, నీ కళ్ళలో ఉంది దుమ్ము,” అన్నాడు. సరే, అందరి ముందూ తేలుద్దాం అనుకున్నాను. పోయిన ఆదివారం వీధులు తిరగడం అయ్యాక స్నేహితులందరినీ స్టూడియోకి పిలిచాను. టీలు కూడా నేనే తెప్పించాను, అంత ఉత్సాహం నాకు. దుమ్ము సంగతి తేల్చడం చాలా తేలిక. లెన్సు రంధ్రాన్ని బాగా సన్నం చేసి తెల్లటి తెరను ఫొటో తీయాలి. లోపల ఏమున్నా తెల్లటి దాని మీద నల్లగా బయటపడుతుంది. బావను లైటు కింద స్టూలు మీద కూర్చోబెట్టి, తెల్ల తెరను తీసి, పెద్ద మానిటర్ మీద వేశాను.

ఏమీ లేదు. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. మళ్ళీ తీశాను, మళ్ళీ అంతే.

“దుమ్మేదండీ?” అన్నాడు నీడలాయన, టీ చప్పరిస్తూ.

నాకు తల కొట్టేసినట్టయింది. మీ ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. పంతానికి పోయి, ఆ ఉదయమే తీసిన బావ ఫొటో తెర మీద వేసి మచ్చను పెద్దది చేశాను. “ఇదేమిటి మరి? ఇది దుమ్ము కాదా?” అని అరిచాను. అలా అరుస్తూ ఫొటో వైపు, స్టూలు మీదున్న బావ వైపు చూశాను. బావ నాకు ఎడం పక్క పెట్టి కూర్చున్నాడు, లైటు నేరుగా మెడ మీద పడుతోంది, అదే చుక్క అక్కడా ఉంది.

దగ్గరికి వెళ్ళాను. బొటనవేలు తడి చేసుకుని ఆ చుక్కను తుడిచాను. నిజంగానే తుడిచానక్కా, గ్లాసు మీద మరక తుడిచినట్టు.

“ఏరా, నన్ను కూడా రీటచ్ చేస్తున్నావా?” అన్నాడు బావ.

అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. కానీ వేలికింద అది గరుకుగా తగిలింది. పోలేదు.

మర్నాడు బావను బతిమాలి, బెదిరించి, కాలేజీ వదిలాక చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ లైటున్న భూతద్దం ఒకటి మచ్చకు ఆనించి చాలాసేపు చూసింది. అంచులు వంకరగా ఉన్నాయంది, ఒక పక్క గోధుమరంగు, ఒక పక్క నలుపు ఉందంది.

“ఇది ఎప్పట్నుంచి ఉంది? ఈ మధ్య పెరిగిందా?” అని అడిగింది.

“పుట్టుమచ్చండీ,” అన్నాడు బావ, చూసినట్టే. తన మెడ వెనక తనకెలా కనపడుతుంది? క్షౌరం చేసేవాణ్ణి అడిగాడట, వాడు “ఎప్పట్నుంచో ఉన్నట్టుంది సార్” అన్నాడట. అదీ ఫిజిక్సు మాస్టారి ఆధారం.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. “చూసి చెప్పేది కాదండీ. క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని తీసి పరీక్షకు పంపాలి. తొందరగా తీస్తే చాలావరకు భయం ఉండదు, నానిస్తే ఉంటుంది. పాత ఫొటోలు ఏమైనా ఉంటే తెండి, ఎంత మారిందో చూస్తాను. వాటికోసం మాత్రం ఆగొద్దు.”

బయటికి రాగానే మీ ఆయన అసలు రంగు బయటపడింది. “పుట్టుమచ్చకి కత్తెందుకురా? వీళ్ళకు కోయడం తప్ప ఇంకో పని లేదు. పిల్లల పరీక్షలు అవనీ, చూద్దాం,” అన్నాడు. తర్వాత నా చొక్కా పట్టుకుని, “మీ అక్కకి తెలిసిందో, నీ గడప తొక్కను. ఆ సొరంగం రెండు వైపులా కలిసేదాకా దానికి ఒక్క ముక్క కూడా చెప్పడానికి వీల్లేదు,” అన్నాడు. నేను మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. తొక్కకపోతే పోనీ గడప.

“అయినా ఫొటోగ్రాఫర్ని బావమరిదిగా పెట్టుకుని పాత ఫొటోలకు వెతుక్కోవాలా?” అని దారిలో జోకు వేశాడు.

అక్కా, నా దగ్గర మచ్చతో ఉన్న పాత ఫొటో ఒక్కటి కూడా లేదు. మనిషి ఫొటోలో మచ్చ కనిపిస్తే నా చెయ్యి నన్ను అడగదు. మొటిమలు, గాట్లు, కళ్ళకింద నలుపు, ఇవన్నీ చెరుపుకుంటూ బతికే చెయ్యి ఇది. నీకొక ప్రింటు వేయగానే, బావ గొడవపడకుండా ఉంటాడని ఆ మచ్చను తీసేసి, బాగు చేసినదాన్నే పాతదాని మీద సేవ్ చేసేవాణ్ణి. కార్డు ఖాళీ చేసి కెమెరా ఆయనకిచ్చేవాణ్ణి. ఇంట్లో గోడకు మీ ఆయన ఫొటోలు వరసగా ఉన్నాయి, ఒక్కదానిలో కూడా మచ్చ లేదు. మెడ నున్నగా, పసిపిల్లాడి మెడలా ఉంది. మంచి పనివాణ్ణి అని పేరు కదా నాకు. డాక్టరమ్మకు వాటిని చూపిస్తే నిన్నగాక మొన్న పుట్టుకొచ్చింది అనుకుంటుంది.

ఇంకా సిగ్గుచేటు సంగతి వేరే ఉంది. దుమ్మైతే దుమ్ములాగే ఉండాలి, పెరగకూడదు. ఈ మాత్రం నాకు తెలియదా? అది పెరుగుతోందని నువ్వు అక్కడెక్కడో కొండల్లో కూర్చుని, అరచేతంత ప్రింటు చూసి రాశావు. నీ ఉత్తరం చదివి నేనేం చేశానో చెప్పనా? “చూశావా, దుమ్ము ముదురుతోంది” అని బావను ఆట పట్టించాను. నీ మొగుడి మెడ నీకంటే ఎవరికి బాగా తెలుసు? మామూలుగా అయితే నువ్వే పట్టేసేదానివి. దుమ్ము, దుమ్ము అని ఎర్ర సున్నాలు చుట్టి నీ కళ్ళకు గంతలు కట్టింది నేను. సబ్బుపెట్టె అని ఎగతాళి చేసిన ఆ కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపించింది, పనివాణ్ణి అని మిడిసిపడే నేను చూడలేదు. దాన్ని తిట్టిన తిట్లన్నీ నాకు సరిగ్గా సరిపోతాయి. కావాలంటే ఉత్తరం మొదటినుంచి మళ్ళీ చదువుకో.

నీతో పని ఇదీ. నేను పంపిన ప్రింట్లు పారేయలేదనుకుంటాను. వాటిని తీసి, వచ్చిన వరసలో పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు వెళ్ళేనాటికి అక్కడ ఏమైనా ఉందో లేదో గుర్తు చేసుకో. పెరిగిందని తేలితే, ఆ ముక్క నువ్వే బావకు రాయి. నా మాట లెక్కచేయడు, డాక్టరమ్మ మాట నమ్మడు. నువ్వు రాస్తే కాదనలేడు. ప్రింట్లు తిరుగు లారీలోనే పంపు. పుట్టుమచ్చ, పుట్టుమచ్చ అని మొండికేస్తున్న ఆ పెద్దమనిషి నోరు మూయించడానికి నాకు ఇంకో దారి కనపడటం లేదు.

ఇంతవరకు రాసి కవరు కోసం లేచేసరికి గుమ్మంలో బావ ఉన్నాడు. కాలేజీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతుల నిండా సుద్దపొడి.

“ఎవరికిరా అంత పొడుగు ఉత్తరం?” అన్నాడు.

అబద్ధమాడదామనుకుంటూనే కాగితాలు చేతికిచ్చాను. స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చదివాడు. గొడుగు దగ్గర నవ్వాడు. నీడలాయన దగ్గర కూడా నవ్వాడు. చెప్పుల దుకాణం దగ్గర ఆగి నా వైపు చూసి తల ఊపాడు. తర్వాత నవ్వలేదు. అంతా చదివి కాగితాలు సర్దాడు. ఇప్పుడు ఒంటికాలి మీద లేస్తాడు అనుకుని నేను కాస్త వెనక్కి జరిగాను.

“అన్నీ రాశావు గానీ ఒకటి తప్పు రాశావు,” అన్నాడు.

“ఏంటి బావా?”

“మొండితనం అని రాశావు. మొండితనం కాదురా. క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడల్లా కాలర్ పైకి లాక్కుంటున్నాను, పిల్లలు చూస్తారని. పేపర్లు దిద్దుతూ కూడా చెయ్యి అక్కడికే పోతోంది. పరీక్షలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. నాకు భయంగా ఉంది. నాలుగు గోడల మధ్య ఒక్కణ్ణే కూర్చుని ఆ రిపోర్టు కాగితం కోసం ఎదురుచూడటం నా వల్ల కాదు. అది రాయి.”

బావ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

“మరి డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు బావా?”

“మీ అక్క వచ్చాక.”

“ఆగొద్దంది కదా.”

బావ చెయ్యి మళ్ళీ కాలర్ మీదికి పోయింది.

“అయితే దాన్ని తొందరగా రమ్మని రాయి,” అన్నాడు.

రాస్తున్నాను. ఈ లారీ తిరిగి వచ్చేటప్పుడు అందులో నువ్వే ఎక్కి రా అక్కా.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
తమ్ముడు